ఐసు డబ్బాను వదలడం లేదా? స్టీలు, అల్యూమినియం, ప్లాస్టిక్, సిలికాన్, కవరు: ఎవరికి ఏది సరిపోతుంది

ఎండకాలం మొదలైతే నల్లగొండ నుంచి గద్వాల దాకా గిన్నెల దుకాణాల్లో ఐసు ట్రేలు, డబ్బాల బేరం జోరందుకుంటుంది. కొనేవాళ్లలో ఎక్కువమంది అడిగేది ఒకటే: "దీంట్ల తొందరగ గడ్డ కడుతదా?" దుకాణదారు అల్యూమినియం చూపిస్తాడు, రేటు ఎక్కువైనా తీసుకుంటారు. తీరా గడ్డ కట్టాక అది డబ్బాను వదలదు. సుత్తితో కొట్టడం, కత్తితో పొడవడం, డబ్బా సొట్టపోవడం, సగం ఐసు ముక్కలై నీళ్లపాలు కావడం. నష్టమంతా ఇక్కడే ఉంది, గడ్డ కట్టే దగ్గర లేదు.

మామూలు ఫ్రీజర్‌లో గడ్డ కట్టడం ఆలస్యమయ్యేది డబ్బా గోడ వల్ల కాదు, దాని చుట్టూ కదలకుండా నిలిచిన గాలి వల్ల. నీళ్లలోని వేడి బయటికి పోవడానికి ఆ గాలే పెద్ద అడ్డు. అందుకే ఒక మి.మీ. స్టీలుకూ ఒక మి.మీ. అల్యూమినియానికీ తేడా గడియారంలో కనపడదు. రెండు మి.మీ. మందమున్న ప్లాస్టిక్ డబ్బా కూడా సుమారు పదో వంతు సమయమే ఎక్కువ తీసుకుంటుంది. లోహం సత్తా తెలిసేది రెండు చోట్లే: డబ్బా అడుగు చల్లటి పలకకు నేరుగా ఆనినప్పుడు, లేదంటే ఐసు ఫ్యాక్టరీలో లాగా చల్లటి ఉప్పునీళ్లలో మునిగి ఉన్నప్పుడు. ఇంటి ఫ్రిజ్‌కో, దుకాణం డీప్ ఫ్రీజర్‌కో కొనేవాళ్లు ఐసు ఎంత తొందరగా కడుతుందన్నది పక్కన పెట్టి, కట్టాక ఎట్లా వదులుతుందో చూసి కొనాలి.

పట్టు ఎక్కడి నుంచి వస్తుంది

నీళ్లు గడ్డ కట్టకముందు గోడ మీది ప్రతి గీతలోకి, గుంటలోకి పాకుతాయి. అక్కడే గడ్డ కడితే ఆ గీతలన్నీ కొక్కేలవుతాయి. దీనికితోడు లోహం మీదుండే ఆక్సైడ్ పొరకూ నీటి అణువులకూ మధ్య ఆకర్షణ ఉంటుంది. శుభ్రమైన లోహం మీద ఈ పట్టు ఎంత గట్టిదంటే, బలంగా నెడితే ఐసు లోహాన్ని వదలకుండా తనే విరుగుతుంది. హెచ్.హెచ్.జి. జెల్లినెక్ అనే శాస్త్రవేత్త 1959లో ప్రచురించిన కొలతల్లో స్టెయిన్‌లెస్ స్టీలు మీది ఐసును పక్కకు నెట్టి చూస్తే, చలి పెరిగేకొద్దీ పట్టు పెరుగుతూ పోయింది. సుమారు −13 డిగ్రీలు దాటి చల్లబడ్డాక విరిగింది ఐసే, అతుకు కాదు. పాలిస్టైరీన్ ప్లాస్టిక్ మీద మాత్రం ఐసు అతుకు దగ్గరే విడిపోయింది. మన డీప్ ఫ్రీజర్లు −18 దగ్గర నడుస్తాయి. అంటే బయటికి తీసిన మరుక్షణం స్టీలు డబ్బాను కొడితే పగిలేది గడ్డే.

సున్నాకు దగ్గరపడేకొద్దీ ఐసు పైపొర సడలుతుంది, నీళ్లలాంటి అతి పలుచటి పొర ఏర్పడుతుంది. రెండు ఐసు ముక్కల్ని ఆనిస్తే అతుక్కుపోవడానికి ఇదే కారణమని శాస్త్రవేత్త మైకేల్ ఫారడే 1850లోనే చెప్పాడు. డబ్బా గోడ దగ్గర మాత్రం ఈ పొర మనకు మేలే చేస్తుంది. పూర్తిగా కరగనక్కర్లేదు, −18 నుంచి −3కి వచ్చినా పట్టు బాగా తగ్గుతుంది.

మూడోది కుంచించుకోవడం. సున్నా నుంచి −18కి దిగేటప్పుడు 30 సెం.మీ. పొడవున్న ఐసు 0.27 మి.మీ. దాకా తగ్గుతుంది. అంతే పొడవు స్టీలు 0.1 మి.మీ. లోపు, అల్యూమినియం 0.12 మి.మీ., పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్ అర మి.మీ. పైనే తగ్గుతాయి. అంటే లోహపు డబ్బాలో ఐసు గోడ నుంచి జరగాలని చూస్తుంది, ప్లాస్టిక్ డబ్బా మాత్రం ఐసును ఇంకా బిగించి పట్టుకుంటుంది. బయటికి తీసి వేడి తగిలాక ఆ ప్లాస్టిక్కే ఎక్కువ సాగి వదులవుతుంది. తీసిన వెంటనే ఎంత గుంజినా రాని గడ్డ, కాసేపటికి దానంతటదే జారిపడేది ఇందుకే.

మొత్తం మీద దారులు రెండు. గోడ పక్కన పలుచటి పొరను కరిగించడం ఒకటి. గోడనే వంచి, ఒక అంచు నుంచి ఒలిచినట్టు విడదీయడం ఇంకొకటి. లోహానికి మొదటిది నప్పుతుంది, సిలికాన్‌కూ కవర్లకూ రెండోది. గట్టి ప్లాస్టిక్ మధ్యలో ఉంటుంది, ఎక్కువ తిప్పలు పెట్టేదీ అదే.

కొనేముందు చేత్తో చూడాల్సినవి

అన్నిటికన్నా ముందు వాలు. డబ్బా పైభాగం అడుగుకన్నా వెడల్పుగా ఉండాలి. 15 సెం.మీ. లోతుకు పైన కనీసం ఒక సెంటీమీటరు ఎక్కువుంటే గడ్డ కొంచెం కదిలినా గోడల నుంచి పూర్తిగా విడివడుతుంది. నిట్టనిలువు గోడల డబ్బాలో గడ్డ చివరిదాకా ఒరుసుకుంటూనే రావాలి. అంచు లోపలికి మడిచి ఉన్న డబ్బా, మెడ సన్నగా ఉన్న డబ్బా అసలు వద్దు. లోపల వేలు పెట్టి తడమండి: రివెట్టు తల, వెల్డింగు గరుకు, సొట్ట తగిలితే ఐసు అక్కడే తాళం వేసుకుంటుంది.

నీళ్లు గడ్డ కడితే తొమ్మిది శాతం దాకా ఉబ్బుతాయి. కాబట్టి పదింట తొమ్మిది వంతులకు మించి నింపకూడదు. నిండుగా పోస్తే ఐసు అంచు దాటి మూతలా పరుచుకుంటుంది, ఆ మూత కరిగేదాకా గడ్డ కదలదు.

తర్వాత నీళ్లు. నల్లగొండ, మునుగోడు, దేవరకొండ వైపు బోరు నీళ్లు చాలాచోట్ల గట్టివి. కడిగి ఆరబెట్టిన ప్రతిసారీ గోడ మీద తెల్లటి చార మిగులుతుంది. అది పేరుకుంటే నున్నటి స్టీలు కూడా గరుకు కాగితమవుతుంది, కొన్నప్పుడు సులువుగా వదిలిన డబ్బా ఏడాది తిరిగేసరికి మొండికేస్తుంది. లీటరు నీళ్లలో రెండు చెంచాల నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి స్టీలుకు అరగంట, అల్యూమినియానికి పది నిమిషాలు ఉంచి మెత్తటి గుడ్డతో తోమితే చార పోతుంది. జింకు పూత ఉన్న డబ్బాకు ఇది వాడొద్దు, పూతే కరుగుతుంది. స్టీలు పీచుతో తోమడం అన్నిటికీ చేటే, ప్రతి గీతా ఐసుకు కొత్త పట్టు. ఇంకో మాట: ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లతో తాగే పానీయాల్లోకి ఐసు చేయొద్దు. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది. గడ్డ కట్టేటప్పుడు లవణాలు చివరగా కట్టే నడిమి భాగంలోకి నెట్టుకుపోతాయి గానీ మాయం కావు. మిషన్ భగీరథ నల్లా నీళ్లో, ఆర్‌ఓ నీళ్లో వాడండి.

స్టెయిన్‌లెస్ స్టీలు డబ్బా

రోజూ పెద్ద గడ్డలు కావాల్సినవాళ్లకు ఇదే మా మొదటి ఓటు. 30 × 15 సెం.మీ. అడుగు, 12 సెం.మీ. ఎత్తు ఉన్న డబ్బాలో సుమారు 5 కిలోల గడ్డ పడుతుంది. గోడలూ అడుగూ కలిపి ఐసు ఆనే చోటు 1,530 చదరపు సెం.మీ. అంతటా 0.1 మి.మీ. పొర కరిగితే గడ్డ విడిపోతుంది. ఆ పొర బరువు 15 గ్రాములు కూడా ఉండదు. అదే అజాగ్రత్తగా ఒక మిల్లీమీటరు కరిగిస్తే 140 గ్రాములు పోతుంది. రోజుకు ఇరవై గడ్డలు తీసే దుకాణంలో ఆ తేడా రెండున్నర కిలోల ఐసు.

25–30 డిగ్రీల నీళ్లున్న టబ్బులో డబ్బాను అంచుకు రెండు వేళ్ల కింది దాకా ముంచితే 20–30 సెకన్లు చాలు. గడ్డను వేలితో పక్కకు నెడితే కదలాలి. కదిలాక చాలామంది చేసే తప్పు నిటారుగా పైకి లాగడం. అడుగున గాలి చొరబడే దారి లేకపోతే బయటి గాలి ఒత్తిడి గడ్డను కిందికి అదిమి పట్టుకుంటుంది. చదరపు సెంటీమీటరుకు కిలో లెక్కన, 450 చదరపు సెం.మీ. అడుగుకు ఆ ఒత్తిడి 450 కిలోల దాకా పోగలదు. కరిగినా రాలేదని మళ్లీ ముంచుతారు, ఐసు వృథా. డబ్బాను ఒక మూల పైకి ఉండేలా వంచి బోర్లిస్తే ఆ మూల నుంచి గాలి పోతుంది, గడ్డ మెల్లగా జారుతుంది.

సొట్టలే దీనికి శత్రువు. లోపలికి పొడుచుకొచ్చిన ఒక్క సొట్ట ఉన్నా వాలు పని చేయదు.

అల్యూమినియం

కుల్ఫీ అచ్చులకు, చిన్న ట్రేలకు బాగుంటుంది. పలుచగా, తేలికగా ఉంటుంది, అరచేతుల మధ్య కాసేపు రుద్దితే అచ్చు వదులుతుంది. నిమ్మ, బత్తాయి రసం, చింతపండు నీళ్లు, ఉప్పు కలిపినవి మాత్రం ఇందులో రాత్రంతా ఉంచకూడదు. పులుపు, ఉప్పు లోహాన్ని తింటాయి, గుంటలు పడతాయి, రుచి మారుతుంది, ఆ గుంటల్లో ఐసు ఇరుక్కుంటుంది. తడి చేత్తో −18లో ఉన్న అచ్చును పట్టుకుంటే చర్మం మీది చెమ్మ క్షణంలో గడ్డకట్టి అతుక్కుంటుంది. గుంజితే తోలు లేస్తుంది, నీళ్లు పోసి విడిపించుకోవాలి. ఈ జాగ్రత్త స్టీలుకూ ఉంది.

గట్టి ప్లాస్టిక్ ట్రే, డబ్బా

ధర తక్కువ, ప్రతి ఇంట్లో ఉండేది. పాలీప్రొపిలీన్ సున్నా డిగ్రీల దగ్గరికి వచ్చేసరికి మెత్తదనం పోగొట్టుకుని పెళుసవుతుంది. ఫ్రీజర్‌లోంచి తీసిన వెంటనే ట్రేను మెలిపెడితే మూలల్లో చీలికలు పడేది అందుకే. ఆ చీలికలో నీళ్లు చేరి గడ్డకట్టి ఇంకా తెరుస్తాయి, నెలలో ట్రే కారుతుంది. కొనేటప్పుడు అడుగున త్రికోణంలో 2 అంకె ఉన్న హెచ్‌డీపీఈ రకం ప్లాస్టిక్ దొరికితే తీసుకోండి, ఆ చలిలో కూడా అది పెళుసు కాకుండా వంగుతుంది. 5 ఉంటే పాలీప్రొపిలీన్.

విడిపించడానికి రెండు మూడు నిమిషాలు బయట పెట్టి, రెండు చివరలూ పట్టుకుని ఎదురెదురు దిక్కులకు కొంచెమే తిప్పాలి. పారదర్శకంగా ఉన్న ట్రే అయితే కింది నుంచి చూడండి. అతుక్కుని ఉన్న చోటు నల్లగా, లోతుగా కనపడుతుంది. విడిన చోట సన్నటి గాలి పొర చేరి వెండిలా మెరుస్తుంది. ఆ మెరుపు ఒక మూల నుంచి మొదలై అడుగంతా పాకిందంటే ఇక బోర్లించడమే. మందమైన 5 కిలోల ప్లాస్టిక్ డబ్బాను నీళ్లలో ముంచితే 3–4 నిమిషాలు పడుతుంది, స్టీలుకన్నా ఏడెనిమిది రెట్లు. వ్యాపారానికి ఇది పనికిరాకపోవడానికి గడ్డ కట్టే వేగం కారణం కాదు, ఈ ఆలస్యమే.

సిలికాన్

ముంచడం, వేచి ఉండడం ఏమీ అక్కర్లేదు. అడుగు నుంచి వేలితో నొక్కితే గోడ వంగుతుంది, ఐసు వంగదు, అంచు నుంచి విడివడుతుంది. పిల్లలు తీసుకునే ఇంటికి, నాలుగైదు పెద్ద ముక్కలు చాలనుకునేవాళ్లకు ఇదే మేలు. నీళ్లు పోశాక ఎత్తితే వంగి ఒలుకుతుంది కాబట్టి కింద పళ్లెం ఉండాలి. ఉల్లి, చేపల వాసన తొందరగా పీల్చుకుంటుంది. కిలోల్లో కావాలంటే ఇది కుదరదు.

డబ్బాలో పాలిథిన్ కవరు

దీన్ని చాలామంది చిన్నచూపు చూస్తారు గానీ, తక్కువ ఖర్చులో ఇంత బాగా పనిచేసేది ఇంకోటి లేదు. ఉన్న డబ్బాలో ఆహారానికి వాడే మందమైన కవరు పరిచి నీళ్లు పోస్తే ఐసు డబ్బాను తాకనే తాకదు. కవరు పట్టుకుని ఎత్తితే గడ్డ వస్తుంది, కవరును ఒక మూల నుంచి ఒలిస్తే ఊడుతుంది. ఒక్క చుక్క కరగదు. పొడిగా వస్తుంది కాబట్టి పెట్టెలో ఒకదానికొకటి అతుక్కోవు.

ఇబ్బంది మడతల దగ్గర. కవరు ముడతపడితే ఆ మడతలోకి నీళ్లు పోయి గడ్డ కవరును కరిచి పట్టుకుంటుంది. గుంజితే కవరు చిరిగి ముక్క ఐసులోనే ఉండిపోతుంది. అది తాగే గ్లాసులోకి పోయే ప్రమాదం ఉంది. అందుకే డబ్బాకన్నా పెద్ద కవరు తీసుకుని, సగం నీళ్లు పోశాక చేత్తో మూలలకు అదిమి మడతలు విప్పి, తర్వాత మిగతా నీళ్లు పోయాలి. చేపల మీద వేసే ఐసుకు ఇది చాలు. జ్యూసులోకైతే ఒకసారి వాడిన కవరును రెండోసారి వాడొద్దు.

పూతలు, స్ప్రేల సంగతి

నాన్‌స్టిక్ పూత పట్టును తగ్గిస్తుంది, లేకుండా చేయదు. గీత పడ్డాక మామూలు లోహమే. తామరాకు మీద నీటి బొట్టులా జారిపోతుందని అమ్మే స్ప్రేలను ఐసుకు నమ్ముకోవద్దు. ఆ గుణం సూక్ష్మమైన గరుకుతనం వల్ల వస్తుంది. ఫ్రీజర్‌లో గాలి చెమ్మ ఆ గరుకు సందుల్లోనే మంచుగా పేరుకుంటుంది, అప్పుడు గడ్డ ఇంకా బలంగా పట్టుకుంటుంది. పైగా తినే వస్తువుకు తగిలేచోట ఏం పూస్తున్నామో తెలియాలి. నూనె రాయడం ఒకటి రెండుసార్లు పనిచేస్తుంది, తర్వాత ఐసుకు ముక్కిపోయిన వాసన తెస్తుంది.

| రకం | ఎట్లా విడిపోతుంది | పట్టే సమయం | పాడుచేసేది |
|---|---|---|---|
| స్టీలు, 5 కిలోలు | నీళ్లలో ముంచి, వంచి | 20–30 సెకన్లు | సొట్టలు, గట్టినీళ్ల చార |
| అల్యూమినియం అచ్చు | అరచేతి వేడి, నీళ్లు | కొన్ని సెకన్లు | పులుపు, ఉప్పు |
| ప్లాస్టిక్ ట్రే | బయట పెట్టి, మెలితిప్పి | 2–3 నిమిషాలు | తీసిన వెంటనే తిప్పడం |
| ప్లాస్టిక్ డబ్బా, 5 కిలోలు | నీళ్లలో ముంచి | 3–4 నిమిషాలు | తొందర, దెబ్బలు |
| సిలికాన్ | అడుగు నొక్కి | వెంటనే | వాసనలు |
| కవరు పరిచిన డబ్బా | ఎత్తి, ఒలిచి | వెంటనే | మడతలు |

ముంచే నీళ్లు ఎంత వేడి

మే నెల మధ్యాహ్నం మిద్దె మీది ట్యాంకు నీళ్లు చెయ్యి పెట్టలేనంత కాగుతాయి. వాటిలో −18 డిగ్రీల గడ్డను ముంచితే పైపొర ఒక్కసారిగా సాగుతుంది, లోపల సాగదు, గడ్డ టపటపమని పగుళ్లిస్తుంది. పగిలిన గడ్డ తొందరగా కరుగుతుంది, చూడటానికీ బాగుండదు. నీడలో పెట్టిన టబ్బు నీళ్లే వాడండి. గడ్డలు ముంచేకొద్దీ ఆ నీళ్లు చల్లబడతాయి. పది గడ్డలకోసారి చెయ్యి పెట్టి చూసి, బాగా చల్లగా ఉంటే సగం మార్చండి. ఆ చల్లటి నీళ్లనే మళ్లీ డబ్బాల్లో పోస్తే కరెంటు కలిసొస్తుంది, డబ్బా బయటివైపు కూడా శుభ్రంగా ఉంటేనే సుమా.

తీసిన ముక్కలు తడిగా ఉంటాయి. అట్లాగే డబ్బాలో పోసి ఫ్రీజర్‌లో పెడితే ఫారడే చెప్పిన అతుకే ఇక్కడ పడుతుంది, పొద్దున్నకు అంతా ఒక్క ముద్ద. పళ్లెంలో విడివిడిగా పరిచి పది పదిహేను నిమిషాలు ఫ్రీజర్‌లో ఆరనిచ్చాక డబ్బాలో నింపండి.

మీ అవసరాన్ని బట్టి

ఇంటికి: వాడకం తక్కువైతే సిలికాన్ ఒకటి. చుట్టాలొచ్చే ఇల్లయితే రెండు హెచ్‌డీపీఈ ట్రేలు. స్టీలు ట్రే ఇంటికి అనవసర ఖర్చు.

సోడా, జ్యూసు బండికి: వాలున్న స్టీలు డబ్బాలే. నిమ్మరసం, బత్తాయి రసం గడ్డకట్టించి అమ్మేవాళ్లు అల్యూమినియం జోలికి, జింకు పూత డబ్బాల జోలికి పోవద్దు. ఐసు ఫ్యాక్టరీల్లో జింకు పూత డబ్బాలే వాడతారు కదా అనొచ్చు. వాటిలో పోసేది వట్టి నీళ్లు, కాబట్టి అక్కడ చెల్లుతుంది. పైగా తాగునీటితో చేసిన ఐసు కాకపోతే అది గ్లాసులోకి రాకూడదు.

కుల్ఫీకి: పాలు, చక్కెర ఉన్న మిశ్రమం నీళ్లంత గట్టిగా పట్టదు. చక్కెర వల్ల గోడ దగ్గర కొంత పాకం గడ్డకట్టకుండా మిగులుతుంది, అదే జారుడు పొర. అందుకే సన్నటి అల్యూమినియం అచ్చు బాగా పనిచేస్తుంది. పాలమూరు సీతాఫలం కుల్ఫీ చేసేవాళ్లు గుజ్జు ఎక్కువ వేసి చక్కెర బాగా తగ్గిస్తే అచ్చు వదలడం కష్టమవుతుంది. అప్పుడు నీళ్లలో రెండు మూడు సెకన్లు ముంచక తప్పదు. కుండలో ఐసు, ఉప్పు వేసి కట్టించేవాళ్లు మూడు పాళ్ల ఐసుకు ఒక పాలు ఉప్పు వేస్తే చాలు. ఉప్పు, ఐసు కలిపితే దిగగలిగే హద్దు −21 డిగ్రీలు, ఇంకా ఉప్పు పోసినా అంతకు మించి చల్లబడదు. మూత గట్టిగా లేకపోతే ఉప్పునీళ్లు అచ్చులోకి దిగి అల్యూమినియాన్ని తింటాయి.

చేపల వ్యాపారానికి: సాగర్, జూరాల, సోమశిల నుంచి చేప తెచ్చేవాళ్లకు అందం అక్కర్లేదు, పొడిగా ఉండే ఐసు కావాలి. కవరు పరిచిన ప్లాస్టిక్ డబ్బాలు సరైనవి. గడ్డను కవరులో ఉండగానే గోనెసంచిలో పెట్టి కొడితే సన్నగా నలుగుతుంది. ముక్క సన్నగా ఉంటే చేప ఒంటికి బాగా ఆనుతుంది. పెద్ద ముక్కలు సందులు వదిలి, చేపను నొక్కి గాయం చేస్తాయి.

పెళ్లిళ్ల వంటవాళ్లకు: సొంతంగా చేయడంకన్నా తాగునీటితో చేసిన ఐసు కొనడమే చవక.

డబ్బా అడుగు, ఫ్రీజర్ గోడ

లోపలి గడ్డ బాగానే వస్తుంది, డబ్బానే ఫ్రీజర్‌కు అతుక్కుపోతుంది. ఒలికిన నీళ్లే కారణం. పెట్టేముందు అడుగు పొడిగుడ్డతో తుడిచి, కింద పలుచటి ప్లాస్టిక్ షీటు వేయండి. అతుక్కుంటే చుట్టూ గోరువెచ్చటి నీళ్లలో ముంచిన గుడ్డ చుట్టి ఒక నిమిషం ఆగాలి. కత్తి, స్క్రూడ్రైవరు పెట్టొద్దు. సింగిల్ డోర్ ఫ్రిజ్‌లో ఆ గోడ వెనుకనే గ్యాసు గొట్టాలుంటాయి. ఒక్క పోటుకు చిల్లు పడితే ఫ్రిజ్ ఆగినట్టే. ఇప్పటి ఫ్రిజ్‌లలో చాలావాటిలో ఉన్న ఆర్600ఏ గ్యాసు మండే రకం కూడా.

గోడ మీది మంచు అర సెంటీమీటరు దాటితే స్విచ్ తీసి, తలుపు తెరిచి, లోపల వేడినీళ్ల గిన్నె పెట్టండి. పావుగంటకు మంచు అంచులు లేస్తాయి. అప్పుడు చెక్క గరిటెతో పక్కనుంచి నెడితే పలకలుగా ఊడుతుంది. మళ్లీ ఆన్ చేసేముందు గోడ పూర్తిగా తుడిచి ఆరనివ్వాలి. తడిగోడ మీద ఏర్పడే మొదటి పొర నున్నటి గాజులాంటి ఐసు. గాలిలోని చెమ్మతో కట్టే మెత్తటి మంచుకన్నా అది ఎన్నో రెట్లు గట్టిగా పడుతుంది, ఆ మీద పేరుకునేదంతా దాన్ని పట్టుకునే ఉంటుంది.